చిన్నప్పటి వస్తువుల్ని, వాటి కథల్ని కలిపి దాచుకోవడం ఎలా

అమ్మ బీరువాలో అడుగు అరలో, మడతపెట్టిన బట్టల కింద ఒక చిన్న ఊలు స్వెట్టర్ దొరికింది. లేత ఆకుపచ్చ రంగు. ఎక్కడా చిల్లు లేదు, మరక లేదు. ముందువైపు అయిదు గుండీలు. నాలుగు తెల్లవి, మధ్యది మాత్రం ముదురు నీలం, అదీ వేరే దారంతో కుట్టింది. అది నాదో అన్నయ్యదో మా ఇద్దరికీ తెలియదు. చెప్పగలిగిన మనిషి అప్పటికే లేదు. అమ్మ దాన్ని నలభై ఏళ్ళు పురుగు పట్టకుండా కాపాడింది. దాని సంగతేమిటని మేం ఒక్కసారి కూడా అడగలేదు.

అందుకే ఇక్కడ నేను చెప్పే వరస కొంచెం తలకిందులుగా అనిపించవచ్చు. మామూలుగా మనం ముందు దుమ్ము దులిపి, కడిగి, మంచి పెట్టె చూసి సర్దేస్తాం. కథ తర్వాత ఎప్పుడో రాద్దాంలే అనుకుంటాం. నా మాట వినండి, ముందు కథ, తర్వాత ఫొటో, ఆ తర్వాతే శుభ్రం చేయడం, సర్దడం. పలకో బొమ్మో ఇంకో అయిదేళ్ళు అలాగే పడి ఉంటుంది. దాని గురించి తెలిసిన పెద్దవాళ్ళు ఉంటారన్న నమ్మకం లేదు. మన జ్ఞాపకం కూడా ఇప్పుడున్నట్టు అప్పుడుండదు.

మొదటి మెట్టు: బయటికి తీయండి, ఏదీ తుడవకండి

ఒకసారికి ఒక్క పెట్టె, లేదా ఒక్క అర. అంతకుమించి పెట్టుకుంటే సాయంత్రానికి విసుగొచ్చి అన్నీ కలిపి మళ్ళీ అటకెక్కించేస్తారు. పగటి వెలుతురు బాగా ఉన్న చోట శుభ్రమైన తెల్ల దుప్పటి పరచండి. చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి. పెట్టె మూత తీయగానే, ఏదీ కదపకముందే, ఫోనుతో ఒక ఫొటో తీయండి. ఏది దేని పక్కన ఉందో, దేన్ని దేంట్లో చుట్టి పెట్టారో కూడా సమాచారమే. జేబులు చూడండి, పుస్తకాల అట్టల లోపల చూడండి, డబ్బాల మూతల అడుగున చూడండి.

నా జామెట్రీ బాక్స్ విషయంలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. మూత తుప్పు పట్టిందని దొరికిన వెంటనే తీసుకెళ్ళి సబ్బునీళ్ళతో రుద్ది కడిగేశాను. మూత లోపల అతికించిన ఆరో తరగతి టైంటేబుల్ కాగితం నాని, ముద్దయి, నీళ్ళతో పాటు పోయింది. అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. మూత తెరిచినప్పుడు ఒక్క క్షణం రబ్బరు, పెన్సిల్ చెక్క, తుప్పు కలిసిన వాసన గుప్పున వచ్చింది. ఆ వాసనకి తరగతి గదిలో మూడో బెంచీ, కిటికీ ఊచ చల్లదనం కళ్ళముందుకొచ్చాయి. కడిగిన తర్వాత ఆ వాసన మళ్ళీ రాలేదు.

వాసనకి ఆ శక్తి ఉత్తినే రాలేదు. చూపు, వినికిడి, స్పర్శ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి మిగతా చోట్లకి చేరతాయి. వాసన మాత్రం ఆ మజిలీలో ఆగకుండా, ఉద్వేగాలకీ జ్ఞాపకాలకీ సంబంధించిన అమిగ్డలా, హిప్పోకాంపస్ వైపు దగ్గరి దారిలో వెళ్తుంది. కాబట్టి నోట్‌బుక్కు, పెన్సిలు పక్కన పెట్టుకున్నాకే మూత తెరవండి. గుర్తొచ్చింది ఒక్క మాటైనా వెంటనే రాసేయండి.

రెండు మినహాయింపులు ఉన్నాయి. బూజు పట్టి నల్ల మచ్చలు కనిపిస్తే వాసన చూడకండి. మాస్క్ పెట్టుకుని దాన్ని విడిగా, గాలి ఆడే చోట ఆరనివ్వండి. ఆటబొమ్మల్లో పాత బ్యాటరీలు ఉంటే ఆ రోజే తీసేయండి. అవి కారితే లోపలి లోహపు భాగాలన్నీ తినేస్తాయి.

రెండో మెట్టు: ఎవరినీ అడగకముందే మీకు గుర్తున్నది రాయండి

ఆల్బమ్ తెరవకండి. అన్నయ్యకి ఫోన్ చేయకండి. ముందు మీరొక్కరే కూర్చుని రాయండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది పట్టించుకోని మెట్టు ఇదే.

జ్ఞాపకం అంటే బీరువాలో పెట్టిన క్యాసెట్ కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొంత కొత్తగా కడుతుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించారు. 1995లో ఎలిజబెత్ లోఫ్టస్, జాక్వలిన్ పిక్రెల్ అనే మనస్తత్వ పరిశోధకులు 24 మందితో ఒక ప్రయోగం చేశారు. చిన్నప్పుడు మాల్‌లో తప్పిపోయారన్న కల్పిత కథని నిజమైన కుటుంబ సంఘటనలతో కలిపి ఇస్తే, దాదాపు నాలుగోవంతు మంది అది కొంతైనా గుర్తుందన్నారు. 2002లో కింబర్లీ వేడ్ బృందం ఇంకో అడుగు ముందుకేసి, చిన్నప్పటి ఫొటోని మార్చి, వేడిగాలి బెలూన్‌లో ఎక్కినట్టు తయారుచేసి చూపించింది. ఎప్పుడూ బెలూన్ ఎక్కని ఆ 20 మందిలో సగంమంది, రెండు వారాల్లో ఆ ప్రయాణాన్ని ఎంతోకొంత గుర్తు తెచ్చుకున్నారు.

మీ జ్ఞాపకాలన్నీ అబద్ధాలని కాదు నేనంటున్నది. ఇంట్లో గట్టిగా చెప్పేవాళ్ళ మాట, ఒక ఫొటో, మన సొంత జ్ఞాపకం మీద తేలిగ్గా రంగు పులిమేస్తాయి. ఒకసారి కలిసిపోతే విడదీయలేం. మీ వంతు ముందుగా కాగితం మీద ఉంటే ఆ భయం లేదు.

పేజీని మూడు భాగాలుగా చేసుకోండి. నాకు గుర్తున్నది. నాకు ఎవరో చెప్పింది. వస్తువు చూస్తే తెలిసేది. చాలామంది పెద్దవాళ్ళకి మూడు, మూడున్నర ఏళ్ళకి ముందు జరిగినవి దాదాపు ఏవీ గుర్తుండవు. కాబట్టి రెండేళ్ళప్పటి సంగతి మీకు బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంటే, అది బహుశా రెండో గడిలోది. దానివల్ల విలువేం తగ్గదు. అమ్మ పదిసార్లు చెప్పిన కథ కూడా మనదే. ఏది ఏ గడిలోదో తెలిస్తే చాలు.

రాయడం ఎలా? ఎడ్వర్డ్ గైసెల్మన్, రొనాల్డ్ ఫిషర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలో సాక్షుల కోసం ఒక ప్రశ్నల పద్ధతి తయారుచేశారు. అందులో మూడు సంగతులు మనకి బాగా పనికొస్తాయి. ఒకటి, ముందు చోటుని గుర్తు తెచ్చుకోవడం. ఏ గది, వెలుతురు ఎటునుంచి, ఏం చప్పుళ్ళు, పక్కన ఎవరు. రెండు, ఎంత చిన్నదైనా వడకట్టకుండా రాయడం. మూడు, జరిగినదాన్ని చివరినుంచి వెనక్కి చెప్పుకోవడం.

జామెట్రీ బాక్స్ చేతిలో పెట్టుకుని అలా కూర్చున్నాను. మొదట తోచింది ఒక్క వాక్యమే: "ఆరో తరగతిలో నాన్న కొన్నారు." వస్తువుని పట్టి పట్టి చూశాను. మూత మీద కంపాస్ ముల్లుతో గీకిన నా పేరు. చివరి అక్షరానికి చోటు చాలక కిందకి వంగింది. ఎందుకు గీకాను? పక్కవాడి డబ్బా అచ్చం ఇలాంటిదే కాబట్టి. ఎప్పుడు? పరీక్ష ముందు రోజు, ఎందుకంటే ముల్లు వంగిపోయి మర్నాడు వృత్తం సరిగ్గా రాలేదు. నాన్నకి చెప్పానా? చెప్పలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే ముల్లు తిన్నగా ఉంది. ఎవరో పటకారుతో సరిచేశారు, ఆ నొక్కుల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లో పటకారు వాడేది నాన్న ఒక్కరే. ఆయన నన్నేమీ అనలేదు. నలభై నిమిషాలు కూర్చుంటేగానీ ఆ గుర్తులు నా కంటికి ఆనలేదు.

మూడో మెట్టు: పెద్దవాళ్ళని ఒక్కొక్కరినే అడగండి

అందరినీ ఒకేచోట కూర్చోబెడితే సందడిగానే ఉంటుంది, కానీ మొదట మాట్లాడినవాళ్ళ కథే అందరి కథ అయిపోతుంది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. వయసు ఎక్కువైనవాళ్ళతో, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళతో మొదలుపెట్టండి. వాళ్ళు అలిసిపోని వేళ చూసుకోండి, అరగంట చాలు. అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డర్ పెట్టండి. వీడియో అంటే కొందరు బిగుసుకుపోతారు, మాట ఒక్కటీ దొరికినా అదే పదివేలు.

ఫొటో చూపించడం కాదు, వస్తువుని చేతికివ్వండి. జవాబు మీరే అందించే ప్రశ్నలు వద్దు. "ఇది పెద్దనాన్న తెచ్చిందే కదా?" అంటే "ఆ, అంతే" అంటారు. "ఇది మనింటికి ఎలా వచ్చింది?" అనడగండి. తర్వాత ఆగండి. వాళ్ళు మౌనంగా ఉంటే మీరు మాట అందించకండి. ఆ మౌనంలో వాళ్ళు వెతుక్కుంటున్నారు.

ఆకుపచ్చ స్వెట్టర్‌ని అత్తయ్య చేతిలో పెట్టి "అత్తయ్యా, దీన్ని చూస్తే ఏం గుర్తొస్తోంది?" అన్నాను. గుండీ గురించి చెప్తుందని నా ఆశ. ఆవిడ గుండీ వైపే చూడలేదు. చేతులు తిరగేసి లోపలి అల్లిక వేలితో తడిమింది. "ఇక్కడ చూడు. మోచెయ్యి దాకా ఒక అల్లిక, కిందంతా ఇంకో అల్లిక. మీ అమ్మ మణికట్టు అంచు విప్పి పొడుగు చేసింది. ఊలు కూడా కొంచెం తేడా. మీ అన్నయ్యకి అల్లింది, నీకు సరిపోయేలా మార్చింది. నువ్వు వాడికంటే పొడుగ్గా ఉండేవాడివిగా."

నాదా అన్నయ్యదా అని మేం చేసుకున్న వాదన అక్కడితో ఆగిపోయింది. అల్లిక తెలిసిన మనిషి చేతికి వెళ్ళేదాకా ఆ సంగతి మా కళ్ళెదుటే ఉన్నా కనిపించలేదు. అందుకే, వస్తువు గురించి తెలిసినవాళ్ళనే కాదు, ఆ పని తెలిసినవాళ్ళని కూడా అడగండి. కుట్టుపని, వడ్రంగం, పుస్తకాల బైండింగ్, ఏదైనా సరే.

ఇద్దరు చెప్పింది కుదరకపోతే ఎవరిది నిజమో తేల్చే పని పెట్టుకోకండి. ఇద్దరి మాటా, పేరుతో, తేదీతో రాసిపెట్టండి.

నాలుగో మెట్టు: ఏది ఉంచాలి

అన్నీ ఉంచలేం. ఒక మనిషికి ఒక పెట్టె అని హద్దు పెట్టుకోండి. నా కొలత ఒకటే, దీని గురించి రెండు నిమిషాలు మాట్లాడగలనా? పది నోట్‌బుక్కులుంటే మార్కులు బాగా వచ్చింది కాదు, చివరి పేజీలో పిచ్చిగీతలున్నది ఉంచండి. వదల్లేక బాధపడుతుంటే ఫొటో తీసుకోండి. అమెరికాలో కరెన్ వింటరిచ్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు 2017లో ఇదే గమనించారు. జ్ఞాపకమున్న వస్తువుని ఫొటో తీసుకున్నాక దాన్ని ఇచ్చేయడానికి మనుషులు ఎక్కువ సిద్ధపడ్డారు. చాలాసార్లు మనకి పోతుందేమోనన్న భయం వస్తువు గురించి కాదు, జ్ఞాపకం గురించి.

అయితే కొన్నింటికి ఫొటో చాలదు. చంటితనంలో పక్కలో లేకపోతే నిద్రపోని బొమ్మో, దుప్పటి ముక్కో ఉంటుంది చూడండి, బ్రిటన్‌లో పిల్లల డాక్టరు డొనాల్డ్ విన్నికాట్ 1950లలో వాటి గురించి ప్రత్యేకంగా రాశారు. 2008లో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకి ఒక "కాపీ యంత్రం" చూపించి, వాళ్ళకి ప్రాణమైన బొమ్మకి అచ్చంగా ఇంకోటి చేసిస్తామన్నారు. చాలామంది పిల్లలు తమ పాతదే కావాలన్నారు, కొందరైతే యంత్రంలో పెట్టనివ్వనే లేదు. అలాంటిది చిరిగినా, మాసినా ఉంచేయండి. దాని గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

తోబుట్టువుల వస్తువులు వాళ్ళని అడక్కుండా పారేయకండి. మీ పిల్లలవి కూడా అంతే.

అయిదో మెట్టు: ఫొటో, స్కాన్, క్యాసెట్లు

ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పక్కనే స్కేలు పెట్టి తీయండి. ముందు, వెనక, లోపల, అడుగు. గీకిన పేర్లు సరిగ్గా కనిపించకపోతే గదిలో వెలుతురు తగ్గించి టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేయండి, అక్షరాలు పైకి లేచినట్టు కనిపిస్తాయి.

ఉత్తరాలు, ప్రోగ్రెస్ కార్డులు 300 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే కొలత), ఫొటోలు 600లో స్కాన్ చేయండి. మెషీన్‌లో వేడితో అచ్చయిన టికెట్లు, రసీదులు ఉంటే అవే ముందు. ఆ అక్షరాలు వాటంతటవే వెలిసిపోతాయి.

ఆడియో క్యాసెట్ల విషయంలో ఇక ఆలస్యం చేయకండి. 1963లో వచ్చిన ఆ క్యాసెట్లలో టేపు మీది అయస్కాంత పూత ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది. దాన్ని మోగించే ప్లేయర్లు కూడా కరువైపోతున్నాయి. చిన్నప్పుడు మీరు చెప్పిన పద్యమో, తాతయ్య గొంతో ఉన్న క్యాసెట్ ఉంటే, ముందు దాని పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కల్ని విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే మీరు మోగించకండి, తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో. ఫోన్ ఒక్కదాంట్లో ఉన్నది భద్రంగా ఉన్నట్టు కాదు.

ఆరో మెట్టు: శుభ్రం చేసి సర్దడం

వీలైనంత తక్కువ చేయండి. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలా వాటికి సరిపోతుంది.

బట్టలు ఉతకగలిగినవైతే ఉతికి, పూర్తిగా ఆరాక పెట్టండి. గంజి పెట్టకండి, పురుగులు దానికోసమే వస్తాయి. పిన్నీసులు తీసేయండి, తుప్పు మరక వదలదు. మడతల్లో యాసిడ్ లేని టిష్యూ కాగితమో, ఉతికిన పాత తెల్ల నూలు గుడ్డో చుట్టలా పెడితే మడత దగ్గర దారాలు తెగవు. ఊలుకి పురుగు అనుమానం ఉంటే పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసి, గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పకండి, లేకపోతే గాలిలో తేమ బట్ట మీద చేరుతుంది. గాజు, ప్లాస్టిక్, రంగువేసిన చెక్క ఉన్నవాటికి ఇది పనికిరాదు. కలరా ఉండలు వేయకండి. ఆ ఆవిరి మనకి మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది, పైగా ఆ బట్టకున్న అసలు వాసన ఇక దొరకదు.

కాగితాల నుంచి రబ్బరు బ్యాండ్లు, క్లిప్పులు తీసేయండి. చిరుగులకి సెలోటేప్ వేయకండి, కొన్నేళ్ళకి గోధుమరంగు మరకై కూర్చుంటుంది. న్యూస్‌పేపర్ ముక్కల్ని విడిగా ఉంచండి, వాటిలోని ఆమ్లం పక్క కాగితాల్ని కూడా పచ్చబరుస్తుంది. ఫొటోలకి పీవీసీ కవర్లు వద్దు, కొత్త ప్లాస్టిక్ ఘాటు వాసన వచ్చేవి చాలావరకు అవే. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ అని రాసి ఉన్నవి తీసుకోండి. జిగురు పేజీల పాత ఆల్బమ్‌లలో అంటుకున్న ఫొటోని గోటితో లాగకండి. పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక నెమ్మదిగా రంపంలా నడిపితే చాలాసార్లు ఊడి వస్తుంది. రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి అలాగే వదిలేయండి.

మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు కొన్నేళ్ళకి జిగటగా అవుతాయి. అది ఆపలేం, నెమ్మది చేయగలం. వాటిని విడిగా, చల్లగా, చీకట్లో ఉంచండి. వేరే బొమ్మకి తగలనివ్వకండి. తుప్పు పట్టిన ఇనుముని నీళ్ళతో కడగకండి. పాలపళ్ళు శుభ్రంగా ఆరాక చిన్న గాజు సీసాలో.

ఏడో మెట్టు: కార్డు, చోటు

ప్రతి వస్తువుకీ ఒక కార్డు. పెన్సిల్‌తో రాయండి, తడిసినా ఊరదు. వస్తువు మీద అతికించకండి, నూలు దారంతో కట్టండి, లేదా పక్కనే కవర్లో పెట్టండి. ఎవరిది, సుమారు ఏ ఏడు, ఎలా వచ్చింది, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. తెలియనివి కూడా రాయండి. ఆ ఖాళీ చూసి ఎవరో ఒకరు పూరించవచ్చు.

అటక మీద, నేల మీద పెట్టకండి. వేడి, తేమ పెద్దగా మారని లోపలి గదిలో, బయటి గోడకి ఆనని బీరువా మంచిది. గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులుంటే బూజు మొదలవుతుంది. చిన్న తేమ మీటర్ ఒకటి లోపల పెట్టుకోండి. ఏడాదికోసారి, పొడి వాతావరణంలో, పెట్టె తెరిచి బట్టల మడతలు మార్చండి. ఆ రోజు ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, చేతికివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి.

మా స్వెట్టర్ కార్డు ఇలా ఉంది:

"అమ్మ అల్లింది. ముందు అన్నయ్యకి, తర్వాత చేతులు పొడుగు చేసి నాకు. అత్తయ్య చెప్పింది, లోపలి అల్లిక చూసి. అన్నయ్యకి, నాకు ఇది వేసుకున్నట్టు గుర్తులేదు. నీలం గుండీ: తెలియదు. పిన్నిని అడగాలి."

పిన్ని వచ్చే నెల వస్తానంది. స్వెట్టర్‌ని పెట్టెలో పైనే ఉంచాను.